చేతికి తెలిసే మీటలు: వైద్య పరికరాల ప్యానెళ్లపై ఒక విమర్శ

పాఠ్య పరిచయం

విమర్శ అనగానే మనకు కావ్యమో, కథో, నాటకమో గుర్తుకు వస్తుంది. కానీ మనిషి చేసిన ప్రతి వస్తువు వెనుకా ఒక ఆలోచన ఉంటుంది. ఆ ఆలోచన సరైనదేనా అని విచారించడం కూడా విమర్శే. ఈ పాఠంలో మనం పరిశీలించబోయేది వైద్య పరికరాల ముందుభాగంలో బటన్లు, నాబ్‌లు, తెరలు అమర్చిన పలకను. దానిని కంట్రోల్ ప్యానెల్ అంటారు. ఆసుపత్రులలో వినిపించే మాట కూడా ప్యానెల్ కాబట్టి ఇకమీదట ఆ మాటే వాడతాను.

ఈ పరికరాలను అమ్మేవారి కరపత్రాలలో "నేర్చుకోవడం చాలా తేలిక" అనే మాట తరచుగా కనిపిస్తుంది. ఎవరికి తేలిక, ఎప్పుడు తేలిక అన్న వివరం మాత్రం ఉండదు. మంచి వెలుతురులో కుర్చీలో కూర్చుని నేర్చుకున్నది, అర్ధరాత్రి రెండు గంటలకు, చేతులకు గ్లోవ్స్ ఉండగా, కళ్లు రోగి ముఖం మీద ఉండగా అక్కరకు రావాలి. అప్పుడు ప్యానెల్‌ను చదివేది కన్ను కాదు, చెయ్యి. అందుచేత ఒక ప్యానెల్‌ను ఎంత త్వరగా నేర్చుకోవచ్చు అని అడిగితే చాలదని నా వాదన. చెయ్యి పొరపడినప్పుడు ఆ సంగతి చేతికే తెలుస్తుందా అని కూడా అడగాలి. ఈ రెండవ ప్రశ్న వేయకుండా మొదటిదానికి ఇచ్చే మార్కులు మనల్ని మోసం చేస్తాయి.

దీనికి మన వంటింట్లోనే ఉదాహరణ ఉంది. గ్యాస్ స్టవ్ నాబ్‌ను నొక్కి ఎడమవైపు తిప్పితే మొదట పెద్ద మంట వస్తుంది. ఇంకా తిప్పి, ఇక తిరగదు అనిపించిన చోట ఆపితే సిమ్. "పాలు సిమ్‌లో పెట్టు" అంటే ఎవరూ వంగి నాబ్ మీది గుర్తు చూడరు. చెయ్యి ఆగిన చోటే సమాధానం. సిలిండర్ రెగ్యులేటర్ సరిగా కూర్చుంటే టిక్కుమంటుంది, లేకపోతే అనదు. ఈ రెండింటినీ చదువు వచ్చినవారూ రానివారూ సమానంగా నేర్చుకున్నారు. వీటిని మనసులో ఉంచుకుని ఆసుపత్రిలోకి వెళదాం.

ఆక్సిజన్ నాబ్

ఆపరేషన్ థియేటర్‌లో మత్తుమందు ఇచ్చే యంత్రాన్ని మన దగ్గర ఇప్పటికీ చాలామంది బాయిల్స్ మిషన్ అనే అంటారు. 1917లో ఇంగ్లండుకు చెందిన మత్తు వైద్యుడు హెన్రీ ఎడ్మండ్ గాస్కిన్ బాయిల్ రూపొందించిన యంత్రం పేరు అలా నిలిచిపోయింది. ఈ యంత్రం మీద రోగికి వెళ్లే వాయువులను నియంత్రించే నాబ్‌లు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి ఆక్సిజన్‌ది, ఇంకొకటి నైట్రస్ ఆక్సైడ్‌ది. ఒకదానికి బదులు మరొకటి తిప్పితే ఏమవుతుందో చెప్పనవసరం లేదు.

ఆక్సిజన్ నాబ్‌ను పట్టుకుంటే దాని చుట్టూ లోతైన గాడులు తగులుతాయి. అది మిగతా నాబ్‌ల కంటే పెద్దదిగానో, ముందుకు పొడుచుకు వచ్చో ఉంటుంది. మిగతావి గుండ్రంగా, సన్నని గరుకుతో ఉంటాయి. ఈ తేడా ఒక కంపెనీ అలంకారం కాదు, ప్రమాణాలు కోరే నియమం. రంగు కూడా ఉంది కదా అని మీరు అడగవచ్చు. ఉంది. అయితే అంతర్జాతీయ ప్రమాణంలో ఆక్సిజన్‌కు తెలుపు, అమెరికాలో ఆకుపచ్చ. రంగు దేశం దాటితే అర్థం మారుతుంది. గాడులు ఎక్కడైనా గాడులే. పైగా రంగును చూడాలంటే రోగి మీద నుంచి కళ్లు తిప్పాలి.

ఆకారంతో మీటను గుర్తించే ఈ పద్ధతి వైద్యంలో పుట్టింది కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1943లో, అమెరికా వైమానిక దళంలో పనిచేస్తున్న ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక వింత ప్రమాదాన్ని పరిశీలించాడు. బి-17 విమానాలను క్షేమంగా నేలమీదికి దించిన పైలట్లు, ఆ తర్వాత రెక్కల ఫ్లాప్‌లను సర్దబోయి చక్రాలను లోపలికి మడిచేస్తున్నారు. విమానం పొట్ట నేలకు ఆనుతోంది. పైలట్ల అజాగ్రత్త అని అందరూ అనుకున్నారు. చపానిస్ పైలట్లను వదిలి ప్యానెల్‌ను చూశాడు. రెండు మీటలూ పక్కపక్కనే, ఒకే తీరుగా ఉన్నాయి. చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రాన్ని, ఫ్లాప్ మీటకు రెక్కను తలపించే ముక్కను తగిలించాడు. ఆ పొరపాటు ఆగిపోయింది. ఈనాటి ప్రయాణికుల విమానాలలో కూడా చక్రాల మీట చివర చక్రం ఆకారమే ఉంటుంది.

మనస్తత్వశాస్త్రం బోధించిన నా 30 ఏళ్లలో ఈ ఉదంతాన్ని ఏటా చెప్పాను. ఏటా ఎవరో ఒక విద్యార్థి "ఇంత చిన్న విషయం ముందే ఎవరికీ తట్టలేదా సార్?" అని అడిగేవారు. తట్టకపోవడానికి కారణం, మనిషిని తప్పు పట్టడం సులువు, వస్తువును తప్పు పట్టాలంటే దాన్ని విమర్శగా చూడడం రావాలి. ఈ పాఠం ఉన్నది అందుకే.

మళ్లీ బాయిల్స్ మిషన్ దగ్గరికి వద్దాం. అక్కడ ఇంకొక చిక్కు ఉంది. బ్రిటన్ సంప్రదాయంలో ఆక్సిజన్ నాబ్ ఎడమ చివర ఉంటుంది, అమెరికా, కెనడాలలో కుడి చివర. పాతకాలపు అమరికలో వాయువులు ఎడమ నుంచి కుడికి కలుస్తూ పోయేవి. మధ్యలో ఉన్న గాజుగొట్టం పగిలితే, ఎడమ నుంచి వస్తున్న ఆక్సిజన్ ఆ పగులులోంచి బయటికి పోయి, రోగికి ఆక్సిజన్ తగ్గిపోయే ప్రమాదం ఉండేది. ఆక్సిజన్‌ను అన్నింటికంటే చివర కలిపితే ఈ ప్రమాదం ఉండదు. అమెరికాలో నాబ్‌నే కుడివైపు పెట్టారు. బ్రిటన్‌లో అప్పటికే వైద్యుల చేతులు ఎడమవైపుకు అలవాటు పడి ఉన్నాయి. అక్కడ నాబ్‌ను కదపలేదు. లోపలి గొట్టం దారి మార్చి, ఎడమన ఉన్న ఆక్సిజన్ చివరగా వచ్చి కలిసేటట్లు చేశారు.

నాకు ఈ పరిష్కారం చాలా గొప్పదిగా కనిపిస్తుంది. యంత్రం లోపలి లోపాన్ని యంత్రం లోపలే సరిచేశారు. దాని భారాన్ని మనిషి చేతి మీద వేయలేదు. అయితే విమర్శకుడు రెండవ వైపు కూడా చూడాలి. ఒక దేశంలో నేర్చుకున్న వైద్యుడు మరో దేశానికి వెళితే ఆ పాత అలవాటే ఎదురు తిరుగుతుంది. నేర్చుకున్నది సాయపడకపోగా అడ్డు రావడాన్ని మనస్తత్వశాస్త్రంలో ప్రతికూల బదలాయింపు అంటారు. అటువంటి వైద్యుడిని స్థానం మోసం చేసినా, గాడులు కాపాడతాయి. ఒకే సమాచారాన్ని ఆకారంలోనూ స్థానంలోనూ రంగులోనూ చెప్పడం వృథా కాదని దీనివల్ల తెలుస్తుంది.

తిప్పే దిశ సంగతి ఇంకా తెగలేదు. వాయువు నాబ్ కుళాయి వంటిది, ఎడమవైపు తిప్పితే ఎక్కువవుతుంది. రేడియో నాబ్ కుడివైపు తిప్పితే ఎక్కువవుతుంది. కొత్త యంత్రాలలో వాయువును కూడా ఎలక్ట్రానిక్ నాబ్‌తో నియంత్రిస్తున్నారు. అప్పుడు చెయ్యి దానిని కుళాయి అనుకోవాలా, రేడియో అనుకోవాలా? మన దేశంలో గోడ మీది స్విచ్ కిందికి నొక్కితే ఆన్, అమెరికాలో పైకి. ఇవి ప్రకృతి నియమాలు కావు, అలవాట్లు. అయినా అత్యవసర సమయంలో వాటి బలం నియమాలకు తీసిపోదు.

ఇన్ఫ్యూజన్ పంపు

ఇక చేతికి ఏమీ చెప్పని ప్యానెల్‌ను చూద్దాం. మందును రక్తనాళంలోకి గంటకు ఇన్ని మిల్లీలీటర్లు అని కొలిచి పంపే యంత్రం ఇన్ఫ్యూజన్ పంపు. దీని ముఖం మీద చాలావరకు పల్చని ప్లాస్టిక్ పొర కింద బటన్లు ఉంటాయి. తుడవడానికి అనుకూలం. వేలికి మాత్రం అన్నీ ఒకటే. నొక్కడం పడిందో లేదో తెలియడానికి బీప్ శబ్దం మీద ఆధారపడాలి. వార్డులో పది యంత్రాలు బీప్‌మంటుంటే ఏది మనదో వెతుక్కోవాలి.

అంకెల పలక అందరికీ తెలిసిందే కదా, కొత్తగా నేర్చుకునేది ఏముంది అని అనిపిస్తుంది. కానీ అంకెల పలకలు రెండు రకాలు. ఫోనులో 1, 2, 3 పై వరుసలో ఉంటాయి. కాలిక్యులేటర్‌లో 7, 8, 9 పై వరుసలో ఉంటాయి. ఫోను అమరికను బెల్ ప్రయోగశాలలో అనేక రకాల అమరికలను మనుషులతో పరీక్షించి, 1960లో ఫలితాలు ప్రచురించిన తర్వాత ఖాయం చేశారు. అటువంటి పరీక్ష జరగని అమరికలను మనం ఎంత నమ్మకంగా వాడుతున్నామో ఆలోచించండి. ఫోనులో 5 అంకె మీద చిన్న బొడిపె ఉంటుంది. దాన్ని పట్టుకుంటే మిగతా తొమ్మిది అంకెలూ దొరుకుతాయి. నునుపైన పొర ఉన్న పంపు మీద అదీ దొరకదు.

2006లో కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో జరిగిన ఒక ఘటనను విద్యార్థులు జాగ్రత్తగా గమనించాలి. నాలుగు రోజుల పాటు నెమ్మదిగా వెళ్లవలసిన క్యాన్సర్ మందు నాలుగు గంటలలోనే రోగి శరీరంలోకి వెళ్లిపోయింది. గంటకు 1.2 మిల్లీలీటర్లు అని పెట్టవలసిన చోట 28.8 అని పెట్టారు. 28.8 అనేది 24 గంటలకు వెళ్లవలసిన మోతాదు. 24తో భాగించడం మరిచిపోయారు. మందు సంచి మీది చీటీలో ఆ రెండు అంకెలూ ఉన్నాయి. రెండవ నర్సు సరిచూసినప్పుడు ఆమెకూ అదే తప్పు అంకె వచ్చింది. రోగి కొన్ని వారాలలోపే మరణించారు. మరుసటి సంవత్సరం వెలువడిన విచారణ నివేదిక బాధ్యతను ఒక్క మనిషి మీద వేయలేదు. చీటీ, లెక్క, పంపు, శిక్షణ అన్నింటినీ కలిపి చూసింది.

ఇది లెక్క పొరపాటు, ప్యానెల్ తప్పు కాదు అని వాదించవచ్చు. నిజమే, 28.8 సరైనదని నమ్మిన మనిషి నాబ్ ఉన్నా 28.8 వరకే తిప్పి ఉండవచ్చు. ఆ వాదనను నేను కొట్టిపారేయను. కానీ ఒక తేడా ఉంది. అంకెల పలక మీద 1.2 టైపు చేయడానికీ, 28.8 టైపు చేయడానికీ చేతికి పడే శ్రమలో తేడా దాదాపు లేదు. చిన్న మోతాదూ, ప్రాణం తీసే మోతాదూ వేలికి ఒకే బరువు. నాబ్ అయితే 1.2 దాటి 28.8 దాకా తిప్పుతూనే ఉండాలి. "ఇంత తిప్పవలసి వస్తోందేమిటి?" అన్న సందేహం రావడానికి చేతికి ఒక అవకాశం దొరుకుతుంది. వస్తుందని హామీ లేదు. అవకాశమైనా ఇవ్వని ప్యానెల్ కంటే ఇచ్చేది మేలు.

దీనికి కొంత ప్రయోగపూర్వకమైన ఆధారమూ ఉంది. 2011లో బ్రిటన్‌లో పాట్రిక్ ఒలాదిమేజీ, హెరాల్డ్ థింబుల్‌బీ, అన్నా కాక్స్ ఒక పరిశోధన ప్రచురించారు. అంకెల పలకనూ, పైకీ కిందికీ పెంచుతూ తగ్గిస్తూ పోయే బటన్లనూ పోల్చి చూశారు. అంకెల పలక వాడినవారి చూపు ఎక్కువగా బటన్ల మీదే ఉంది. పెంచే బటన్లు వాడినవారి చూపు తెర మీద ఉంది, కాబట్టి తమ తప్పును తామే ఎక్కువగా పట్టుకోగలిగారు. అందరికీ ముందే తెలిసిన పలకే తప్పును దాచింది. నేర్చుకోవడంలోని సౌలభ్యం, తప్పు బయటపడడంలోని సౌలభ్యం వేర్వేరు అని నేను మొదట అన్నది ఇందుకే.

2005 నుంచి 2009 వరకు ఇన్ఫ్యూజన్ పంపులకు సంబంధించి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థకు సుమారు 56,000 ఫిర్యాదులు అందాయి. అదే కాలంలో 87 సార్లు పంపులను వెనక్కి పిలిపించారు. ఫిర్యాదులన్నీ ప్యానెల్ వల్లే వచ్చినవి కావు. సాఫ్ట్‌వేర్, బ్యాటరీ, పగుళ్లు కూడా ఉన్నాయి. అయినా గందరగోళపరిచే తెరలు, బటన్లు కారణాలలో ఒకటని 2010లో ఆ సంస్థే గుర్తించింది.

టచ్‌స్క్రీన్

టచ్‌స్క్రీన్‌ను ఒక్క మాటతో తోసిపుచ్చడం న్యాయం కాదు. నునుపైన అద్దాన్ని తుడవడం సులువు, నాబ్ గాడులలో మురికి చేరుతుంది. ఇన్ఫెక్షన్ల దృష్ట్యా అది చిన్న విషయం కాదు. పైగా తెర మీది భాషను మార్చవచ్చు. ప్లాస్టిక్ మీద అచ్చు వేసిన ఇంగ్లీషు అక్షరాలు ఎప్పటికీ ఇంగ్లీషే. తెర అనుకుంటే తెలుగులో మాట్లాడగలదు. ఇంట్లో పరికరం నడిపే రోగి బంధువుకు అది ఎంతో ఆసరా. కానీ నేను చూసినంతలో ఆ అవకాశాన్ని వాడుకున్న పరికరం అరుదు. విశాఖపట్నంలోని మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాలు తయారవుతున్న ఈ రోజులలో, ఆ నిర్ణయం ఎక్కడో దూరదేశంలో జరగాలన్న సాకు కూడా మనకు లేదు.

అయినా అద్దం చేతికి మూగది. 2017 ఆగస్టులో సింగపూర్ దగ్గర అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెకెయిన్ ఒక ట్యాంకర్‌ను ఢీకొని 10 మంది నావికులు చనిపోయారు. చుక్కానిని, వేగాన్ని టచ్‌స్క్రీన్ మీద ఒక స్థానం నుంచి మరో స్థానానికి మార్చే పద్ధతి సిబ్బందికి సరిగా అర్థం కాకపోవడం కారణాలలో ఒకటిగా తేలింది. వేగాన్ని నియంత్రించడానికి మళ్లీ చేతితో పట్టుకునే మీటలనే పెడతామని 2019లో ఆ నౌకాదళం ప్రకటించింది. వైద్య పరికరాలకు నేను కోరేదీ ఇటువంటి పని విభజనే. నిదానంగా చేసే అమరికలు తెర మీద ఉండవచ్చు. ఆపడం, ఆక్సిజన్ పెంచడం, అలారం మూయడం వంటివి చేతికి దొరికే చోట, చేతికి తెలిసే ఆకారంలో ఉండాలి. మత్తు యంత్రంలో ఒక్కసారిగా నిమిషానికి 35 నుంచి 75 లీటర్ల ఆక్సిజన్ పంపే ఫ్లష్ బటన్ అంచు లోపలికి దిగి ఉంటుంది. వెతికితే దొరుకుతుంది, మోచెయ్యి తగిలితే నొక్కుకోదు. స్పర్శతో సమాచారం చెప్పడం అంటే ఎప్పుడూ పైకి పొడుచుకు రావడమే కాదన్నమాట.

చూపు లేని చెయ్యి

ఇంతవరకు చూపు ఉండి, వేరేచోట చూస్తున్నవారి గురించి చెప్పుకున్నాం. అసలు చూపే లేనివారి మాట ఏమిటి?

మా అన్నయ్యకు పాతికేళ్లుగా షుగరు. ఆ జబ్బు కంటి వెనుక పొరను దెబ్బతీసి, చివరికి చూపు దాదాపు తీసేసింది. ఇన్సులిన్ పెన్నుతో తనే వేసుకుంటాడు. పెన్ను చివరి భాగాన్ని తిప్పితే ఒక యూనిట్‌కు ఒక టిక్కు. ఒకసారి నేను పక్కన కూర్చుని "ఎన్ని పెట్టావు అన్నయ్యా?" అని మధ్యలో అడిగాను. "ఒరేయ్, లెక్క తప్పించావు కదరా" అని మొదటికి తిప్పి మళ్లీ మొదలుపెట్టాడు. పద్నాలుగు టిక్కులు, పెదవులు కదుపుతూ.

తర్వాత ఆ పెన్నుతో వచ్చిన కాగితం చదివాను. టిక్కులు లెక్కపెట్టి మోతాదు పెట్టుకోవద్దు, తప్పు మోతాదు రావచ్చు అని స్పష్టంగా రాసి ఉంది. ఆ హెచ్చరికకు కారణం లేకపోలేదు. నా బోటివాడు మధ్యలో పలకరిస్తే లెక్క తప్పుతుంది. కానీ విమర్శకుడిగా నేను అడిగేది వేరు. లెక్క తప్పే అవకాశం ఉందని తయారీదారులకు తెలుసు. అయిదు టిక్కులకు ఒకసారి కాస్త గట్టిగా తగిలే ఆపు పెట్టి ఉండవచ్చు. సున్నా దగ్గర గోడలా ఆగే పెన్ను పదిహేను దగ్గర కూడా వేరుగా పలకగలదు. అది చేయకుండా, "చూడలేకపోతే చూపున్నవారి సాయం తీసుకోండి" అని కాగితం మీద రాయడం డిజైన్ పనిని కుటుంబం మీదికి తోయడమే. చూపు తీసే అవకాశం ఉన్న జబ్బుకు, చూపు ఉంటేనే క్షేమంగా వాడగలిగే పరికరం ఇవ్వడాన్ని సమర్థించే వాదన నాకు ఇంతవరకు కనిపించలేదు. చిన్న తెర మాత్రమే ఉండి, పైకి మాట్లాడని గ్లూకోమీటర్లకూ ఇదే విమర్శ వర్తిస్తుంది.

ఖర్చు పెరుగుతుంది అనేది తరచుగా వినిపించే జవాబు. మన ఓటింగ్ యంత్రాన్ని చూడండి. నీలం బటన్ నొక్కితే ఎర్ర దీపం వెలిగి పొడవుగా శబ్దం వస్తుంది. ఒక్కసారి చూపిస్తే ఎవరికైనా వస్తుంది. చూపు లేనివారికోసం దాని మీద బ్రెయిలీ అంకెలను 2004లో మన హైదరాబాదులోనే, ఆసిఫ్‌నగర్ శాసనసభ ఉపఎన్నికలో ప్రయోగాత్మకంగా పెట్టారు. 2009 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతటా వచ్చాయి. యంత్రాన్ని మార్చలేదు, పక్కన వేలికి తగిలే చుక్కలు చేర్చారు. అయిదేళ్లకు ఒకసారి నొక్కే బటన్‌కు చేయగలిగినది, రోజుకు నాలుగుసార్లు తిప్పే పెన్నుకు చేయలేమా?

అన్నయ్య దగ్గర రెండు పెన్నులు ఉంటాయి. ఒకటి భోజనానికి ముందు వేసుకునేది, రెండవది రాత్రి వేసుకునే నిదాన ఇన్సులిన్. రెండూ ఒకే కంపెనీవి, రంగులో తప్ప పట్టుకుంటే ఒకేలా ఉంటాయి. రాత్రి పెన్నుకు మా వదిన ఒక రబ్బరు బ్యాండు రెండు చుట్లు చుట్టి పెట్టింది. చపానిస్ పేరు ఆమె ఎప్పుడూ వినలేదు.

అభ్యాసం

మీ ఇంట్లోనో, దగ్గరి ఆరోగ్య కేంద్రంలోనో ఉన్న ఒక వైద్య పరికరాన్ని ఎంచుకోండి. రోగికి అమర్చి ఉన్నదాన్ని తాకవద్దు. ఆపి ఉన్న బీపీ మిషన్, నెబ్యులైజర్, ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ వంటిది, బాధ్యుల అనుమతితో తీసుకోండి. కళ్లు మూసుకుని దాని ప్యానెల్ మీద వేళ్లు పోనిచ్చి, ఏ బటన్ ఏదో స్పర్శతోనే చెప్పడానికి ప్రయత్నించండి. ఎక్కడ నిజంగా తెలిసిందో, ఎక్కడ కేవలం ఊహించారో విడివిడిగా రాసుకోండి. ఆ తర్వాత కళ్లు తెరిచి, మీరు పొరపడిన ప్రతిచోటా ఆ పొరపాటు మీ చేతికి తెలిసే వీలు ఉందా లేదా అన్నది రెండు పుటలలో చర్చించండి.